మళ్లీ అదే నవల

మళ్లీ చదవడం అంటే నవల చివరి పేజీలో ఏముందో తెలిసీ మొదటి పేజీ తెరవడం. ఎవరు ఎవరిని పెళ్లి చేసుకుంటారో, ఎవరికి క్షయ పట్టుకుంటుందో, వీలునామా ఏ పెట్టె అడుగున దాగి ఉందో అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియనట్టు ముఖం పెట్టి కూర్చుంటాడు. నాయకుడి కారు నాయిక చీర మీద బురద చల్లగానే ‘అయ్యో’ అని కూడా అంటాడు. చదివిన సంగతి మరచిపోయి అదే పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని, సగం దాటాక ‘ఇదెక్కడో చదివినట్టుందే’ అనుకోవడం దీని కిందికి రాదు. అది మతిమరుపు. దాని సంగతి వేరే.

సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ వంటి ఊళ్లో ఈ వ్యవహారానికి ఒక కాలమంటూ ఉంది. దసరా ముందు ఇల్లు దులుపుతారు. దులపాలంటే అటక ఎక్కాలి. అటక మీద ఇత్తడి గంగాళాలకూ పాత రేడియోకూ మధ్య, పాత ధోవతిలో మూట కట్టిన నవలలు ఉంటాయి. నిచ్చెన ఎక్కిన మనిషి మూట విప్పి, ఎలుక కొట్టిందేమో చూద్దామని ఒక పుస్తకం తెరుస్తుంది. ఎలుక సంగతి అక్కడితో సరి. కింద నిచ్చెన పట్టుకున్న మనిషికి మెడ పట్టేస్తుంది, పైనున్న మనిషి ముప్పయ్యో పేజీకి వస్తుంది. “ఏమాయె, దిగుతవా లేదా?” అన్న కేకకు పైనుంచి వచ్చే జవాబు ఎప్పుడూ ఒక్కటే: “వస్తున్న, ఒక్క పేజీ.” అదే వారంలో బతుకమ్మ ఆడటానికి ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. పెళ్లికి ముందు తాము చదివిన పుస్తకాలు ఇంకా ఉన్నాయో, తమ్ముడు చిత్తు కాగితాల వాడికి తూకానికి వేశాడో తేల్చుకోవడం వారి మొదటి పని. తంగేడు పువ్వుకు పోయినవారు తిరిగొచ్చేసరికి ఇంట్లో సగంమంది మంచాల మీద బోర్లా పడుకుని ఉంటారు.

ఈ అలవాటును కొందరు సోమరితనంగా లెక్కవేస్తారు. చరిత్ర చూస్తే ఆ లెక్క తప్పుతుంది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధని పత్రికలో వెలువడటం మొదలైంది. తెలుగు నవలకు అక్కడినుంచి లెక్క వేసుకుంటే దాని వయసు నూటయాభై ఏళ్ల లోపే. అంతకుముందు తెలుగువారు చదవలేదా అంటే చదివారు, వినిపించారు, విన్నారు. అంతా చదివిందే, విన్నదే. సుందరకాండ పారాయణం చేస్తున్న పెద్దమనిషిని ఆపి, హనుమంతుడు లంక చేరతాడని తెలుసు కదా మళ్లీ ఎందుకండీ అని అడిగినవారు ఇంతవరకు పుట్టలేదు. ప్రహ్లాదుడు బతికి బయటపడతాడని పసిపిల్లలతో సహా తెలిసిన ఊరే, చిందు భాగవతం వారు గజ్జె కట్టగానే తెల్లవార్లూ మేలుకుంటుంది. ఏటా కొత్తది కొనే పుస్తకం ఇంటికి ఒక్కటే ఉండేది, పంచాంగం. అందులోనూ ఆదాయం, వ్యయం అంకెలు మారతాయి తప్ప, ఆదాయం మారిన దాఖలాలు తక్కువ.

నారాయణఖేడ్‌లో ఈ పారాయణం ఒక భాషకు కట్టుబడలేదు. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లాలో ఉండేది. భాషల వారీగా రాష్ట్రాలు పంచినప్పుడు మెదక్ జిల్లాకు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు మారింది. జిల్లాలు మారినా సంత మారలేదు. ఇక్కడ బేరం తెలుగులో మొదలై కన్నడంలో పెరిగి, మరాఠీలో తెగి, ఉర్దూలో డబ్బులు లెక్కపెట్టుకోవడంతో ముగిసే అవకాశం ఉంది. ఈ ప్రాంతపు దత్త భక్తులు మరాఠీ ‘గురుచరిత్ర’ను ఏడు రోజుల్లో పూర్తిచేస్తారు. ఏ రోజు ఎన్ని అధ్యాయాలు చదవాలో లెక్క ఉంది, చదివినన్నాళ్లూ ఏం తినాలో నియమం ఉంది. కథలో బీదర్ పాలకుడికి పుండు లేవడం, గురువు దయతో అది మానడం వస్తాయి. బీదర్‌కు బస్సులో పోయివచ్చే ఊరివారికి అది పక్కింటి కబురు వంటిది. ఆ పుండు మానుతుందని అందరికీ తెలుసు. అయినా ప్రతిసారీ మానాల్సిందే.

జర్మన్ చరిత్రకారుడు రోల్ఫ్ ఎంగెల్జింగ్ ఐరోపా గురించి ఒక సిద్ధాంతం చెప్పాడు. పద్దెనిమిదో శతాబ్దం చివరి దాకా సామాన్య గృహస్థు దగ్గర బైబిలు, పంచాంగం, ఒకటి రెండు భక్తి పుస్తకాలు మాత్రం ఉండేవి. వాటినే జీవితాంతం చదివేవాడు. ఆ తర్వాత అచ్చు చవకై, అద్దె గ్రంథాలయాలు వచ్చి, చాలా పుస్తకాలను ఒక్కొక్కసారి చదివి పక్కన పడేసే కొత్త మనిషి తయారయ్యాడు. ఈ గీత అంత స్పష్టంగా లేదని తర్వాతి పండితులు వాదించారు. నారాయణఖేడ్ అటకల మీద మాత్రం పాత మనిషీ కొత్త మనిషీ ఒకే మూటలో ఉన్నారు.

తెలంగాణలో పుస్తకం దొరకడమే గొప్పగా ఉన్న రోజులు ఎక్కువ కాలం నడిచాయి. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో మొదలైంది. నారాయణఖేడ్ నుంచి రాజధానికి పోయే దారిలోని జోగిపేటలో 1930లో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావలసిన కాలం అది. మాతృభాషలో చదువు, ఊరూరా గ్రంథాలయం ఆనాటి ఉద్యమం అడిగినవాటిలో ముఖ్యమైనవి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేశారు, సంచిలో వేసుకుని తిరిగి అమ్మారు. అలా గుమ్మానికి చేరిన పుస్తకాన్ని ఒకసారి చదివి అవతల పారేయాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. ఉన్నవి నాలుగు పుస్తకాలైతే అయిదో పుస్తకం అంటే మళ్లీ మొదటిదే.

కొత్తదే చదవాలన్న పట్టుదల వారపత్రికలతోనూ అద్దె లైబ్రరీలతోనూ వచ్చింది. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికలు, జ్యోతి, యువ మాసపత్రికలు సీరియళ్లను ఇంటింటికీ దించాయి. ఇంట్లో పత్రిక ఒకటే, చదివేవారు అయిదుగురు. ముందు చదివినవారు మిగిలినవారికి కథ చెప్పకుండా ఉండటానికి కాఫీ లంచం నడిచేది. 1978లో వచ్చిన చతుర ఒక్కో సంచికలో ఒక పూర్తి నవల ఇచ్చి ఆ లంచాన్ని రద్దుచేసింది. ఇక వీధి చివర అద్దె లైబ్రరీ ఉండేది. మడిచే రేకు బల్లలు, తాడుకు వేలాడే వారపత్రికలు, అరల్లో అట్టలు చుట్టి నంబర్లు వేసిన నవలలు. అక్కడ అద్దె రోజు లెక్క. అదే నవల రెండోసారి తీసుకుంటే రెండోసారి అద్దె కట్టాలి కనుక అది డబ్బు దండగని ఇంటి పెద్దలు తీర్మానించారు. ఒకసారి చదివితే చాలన్న తెలుగువారి సాహిత్య సిద్ధాంతానికి మూలం ఇదే. ఇందులో అలంకార శాస్త్రం కంటే చిల్లర లెక్క ఎక్కువ.

గృహిణులు ఆ లెక్కకు విరుగుడు కనిపెట్టారు. సీరియల్ పేజీలను వారం వారం చించి దాచి, అయిపోయాక సూదీదారంతో కుట్టేవారు. మధ్యలో పన్నెండో భాగం ఉండదు. ఆ వారం పత్రిక చుట్టాలు పట్టుకుపోయారు. అందువల్ల పదకొండో భాగం చివర అలిగి రైలెక్కిన నాయిక, పదమూడో భాగం మొదట్లో అత్తగారికి మందు కలిపి ఇస్తూ కనిపిస్తుంది. మధ్యలో ఏం జరిగిందన్నది ఆ ఇంటివారు తరతరాలుగా తలా ఒక రకంగా చెప్పుకుంటారు. పేజీ వెనక తలనొప్పి మందు ప్రకటన, పూర్ణం బూరెలు మెత్తగా రావడానికి చిట్కా, వారఫలాలు. మళ్లీ చదివేవారు వాటినీ వదలరు. నలభై ఏళ్ల కిందటి కన్యారాశి వారికి ఆ వారం ప్రయాణాలు కలిసివచ్చాయని తెలుసుకోవడంలో ఒక తృప్తి ఉంది. ప్రతి భాగం చివరా ‘సశేషం’ అని అచ్చయి ఉంటుంది. ఒకనాడు ఆ మాట దగ్గర వారం రోజులు గుండె చిక్కబట్టుకుని కూర్చున్న మనిషి ఇప్పుడు దాన్ని తాపీగా చూసి, పేజీ తిప్పేస్తుంది. సంపాదకుడి మీద ఇంతకంటే తియ్యగా కక్ష తీర్చుకునే దారి లేదు.

ముగింపు తెలిసిన కథలో రుచి ఏముంటుందన్న ప్రశ్నను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు కూడా పట్టించుకున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్న కథలను కొందరికి ముగింపు ముందే చెప్పి, మరికొందరికి చెప్పకుండా చదివించారు. 2011లో ప్రకటించిన ఫలితం ఏమిటంటే, ముగింపు తెలిసి చదివినవారే మొత్తం మీద ఎక్కువ ఆనందించారు. అపరాధ పరిశోధన కథల్లోనూ అంతే. తర్వాత వేరే పరిశోధకులు దీనికి ఎదురు ఫలితాలు కూడా చూపించారు కనుక వాదం తెగలేదు. అద్దె లైబ్రరీ పుస్తకాల అంచుల్లో పెన్సిలుతో ‘చివర్లో హీరోయిన్ చచ్చిపోతుంది, చదవకండి’ అని రాసిపెట్టిన అజ్ఞాత పాఠకులు ఈ ప్రయోగాన్ని చాలా ముందే, ఎవరి నిధులూ లేకుండా నిర్వహించారు. ఆ రాత చూసి నవల మానేసినవారు లేరు. చచ్చిపోతుందంటే ఎలా చచ్చిపోతుందో చూడాలి కదా.

డిటెక్టివ్ నవలకు ఈ చదువు మరీ అచ్చివస్తుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ కేసును మొదటిసారి చదివేవారు వంటవాడినీ, డాక్టరునూ, చనిపోయినాయన తమ్ముడినీ వరసగా అనుమానించి అలసిపోతారు. రెండోసారి అనుమానించే బాధ్యత యుగంధర్‌కూ అసిస్టెంట్ రాజుకూ వదిలేయవచ్చు. పాఠకుడు హంతకుడి పక్కన కూర్చుని, వాడు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో గమనిస్తాడు. భయపెట్టే నవలల లెక్క వేరు. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు రాత్రిళ్లు దీపం ఆర్పడానికి జంకినవారు, ఏళ్ల తర్వాత అదే నవలను పట్టపగలు, నలుగురి మధ్య కూర్చుని చదువుతారు. భయం లేదని నిరూపించుకోవడానికే చదువుతున్నట్టు చెబుతారు. చీకటి పడగానే మూసేస్తారు.

మళ్లీ చదివినప్పుడు నవల మారదు, అందులో పక్షాలు మారతాయి. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’గా సినిమా అయింది. పద్దెనిమిదేళ్లకు ఈ నవల చదివిన అమ్మాయి కల్యాణి కోసం కళ్లు తుడుచుకుని, ఇందిరను తిట్టుకుంటుంది. ఎవరి ఇల్లూ చూడకుండా, ఎవరి మాటా లక్ష్యపెట్టకుండా తన దారి తాను చూసుకునే మనిషి ఆ వయసులో ఎవరికి నచ్చుతుంది? ముప్పయి అయిదేళ్లు వచ్చి, కిరాయి ఇల్లు, ఇంటి ఖర్చు, తండ్రి బాధ్యత అంటే ఏమిటో తెలిశాక అదే అమ్మాయి ఇందిర తరఫున వాదించడం మొదలుపెడుతుంది. ప్రకాశం మెతకదనం కూడా అప్పుడే కనబడుతుంది. యాభై దాటాక, ప్రకాశం వంటివారిని జీవితంలో తగినంతమందిని చూశాక, వాడికి ఒక పేజీ కేటాయించడమే ఎక్కువనిపిస్తుంది. శ్రీదేవి డాక్టరు, 1961లో చిన్న వయసులోనే చనిపోయారు. రాసిన నవల ఇదొక్కటే. ఆమె కొత్త నవల కావాలంటే పాతదాన్నే తెరవాలి, వేరే మార్గం లేదు. ‘చివరకు మిగిలేది’ ఒక్కటే ఇచ్చి వెళ్లిన బుచ్చిబాబు పాఠకులకూ ఇదే గతి. అందులో దయానిధి ఈసారైనా ఒక నిర్ణయం తీసుకుంటాడేమోనని ఆశపడి తెరిచేవారున్నారు. ఇంతవరకు తీసుకోలేదు.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో జ్యోతి మాసపత్రికలో మొదలై, 1976లో అక్కినేని, వాణిశ్రీలతో తెరకెక్కింది. జయంతి ఆత్మాభిమానానికీ రాజశేఖరం ఐశ్వర్యానికీ జరిగే యుద్ధం అది. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు పాఠకురాలి చూపంతా రాజశేఖరం మీదే. సొంతంగా ఉద్యోగం చేశాక చదివితే జీతం ఎంత, సెలవులు ఎన్ని, యజమాని ఇంత కోపిష్టివాడైతే రాజీనామా ఎందుకు ఇవ్వలేదు వంటి ప్రశ్నలు పుడతాయి. కూతురికి సంబంధాలు చూసే వయసులో చదివినప్పుడు, ఇంత పెద్ద ఇంట్లో పనివాళ్లను ఎవరు చూసుకుంటారన్న దిగులు పట్టుకుంటుంది. కారు మాత్రం ఏ వయసులో చదివినా బాగానే ఉంటుంది. రంగనాయకమ్మ ‘స్వీట్‌హోం’లో విమల, బుచ్చిబాబుల కీచులాటలు పెళ్లికి ముందు చదివితే హాస్యం. పెళ్లయిన కొత్తలో సలహాల పుస్తకం. ఆ తర్వాత భర్తకు కనబడేలా గీతలు గీసి బల్ల మీద పెట్టడానికి పనికివస్తుంది.

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ దగ్గర ఈ లెక్కలేవీ పనిచేయవు. 1924లో మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరి, దారిలో దొరసానులు పెట్టుకునే టోపీని తెలియక కొనుక్కుని నెత్తిన పెట్టుకుంటాడు. ఈ టోపీ వస్తుందని తెలిసినవారు నాలుగు పేజీల ముందునుంచే నవ్వడం మొదలుపెడతారు. మొదటిసారి చదివేవారికి ఒక నవ్వే దక్కుతుంది, మళ్లీ చదివేవారికి రాబోయే నవ్వు కూడా లాభం. పక్కన కూర్చున్నవారికి కారణం తెలియక, ఆరోగ్యం బాగానే ఉందా అన్నట్టు చూస్తారు. ఖేడ్ నుంచి ఉస్మానియా చదువుకు పోయినవారికి పార్వతీశం కంటే నవీన్ ‘అంపశయ్య’ దగ్గర. యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు జీవితం అది. డిగ్రీ చేతికొచ్చి ఇరవయ్యేళ్లయినా, మెస్ బిల్లు కట్టలేదన్న పాత భయం చదువుతుంటే మళ్లీ కడుపులో తిరుగుతుంది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’, వట్టికోట ‘ప్రజల మనిషి’ చదువుతూ, దొర మాటలను తాత గొంతుతో పైకి చదివి వినిపించేవారు ఇప్పటికీ ఉన్నారు. వినేవారు లేకపోతే గోడకు వినిపిస్తారు.

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ విషయంలో జాగ్రత్త అవసరం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీ కోసం ఆయన దీన్ని 29 రోజుల్లో, తమ్ముడికి ఆశువుగా చెబుతూ రాయించారన్నది ప్రసిద్ధం. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి 1934లో బహుమతి పంచుకుంది. దాదాపు వెయ్యి పేజీలు. రాయడానికి పట్టినదాని కంటే చదవడానికి ఎక్కువ కాలం పట్టే నవల తెలుగులో ఇదొక్కటే కాకపోవచ్చు గాని, ఆ సంగతిని గర్వంగా చెప్పుకునేది దీని పాఠకులే. మొదటిసారి చదివేవారు ఉపన్యాసాలు దాటవేసి కథ వెంట పరుగెత్తుతారు. రెండోసారి, దాటవేసిన ఉపన్యాసాల కోసం తిరిగివస్తారు. మూడోసారికి కథను దాటవేసి, ధర్మారావుతో వాదానికి దిగుతారు. ధర్మారావు ఓడిన సందర్భం లేదు, ఎందుకంటే పుస్తకం ఆయన వైపు ఉంది. వేయిపడగలను అందరికంటే ఎక్కువసార్లు చదివినవారెవరో చెప్పలేం గాని, ఎక్కువ నెమ్మదిగా చదివినవారిలో పి.వి. నరసింహారావు ఉంటారు. ఆయన దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. అనువాదకుడికి ఏ వాక్యాన్నీ ఒకసారి చదివి వదిలే వీలు ఉండదు. ఆ తర్వాత దేశాన్ని అయిదేళ్లు నడపడం ఆయనకు కొత్తగా అనిపించి ఉండదు.

ఇక ఇంటివారి అభ్యంతరాలు. ఇందులో ఒక న్యాయం లోపించింది. 1957లో విడుదలై, 2010లో రంగులద్దుకుని మళ్లీ వచ్చిన ‘మాయాబజార్’ను టీవీలో వేసిన ప్రతిసారీ చూసే ఇంటాయన, శశిరేఖ వేషంలో ఉన్నది ఘటోత్కచుడని ఇప్పుడే తెలిసినట్టు తొడ చరుచుకుంటాడు. అదే గదిలో భార్య చేతిలో పుస్తకం చూసి అడుగుతాడు.

“గదే బుక్కు మళ్లనా?”

“మీరు సూస్తున్న సిన్మా నిన్న రిలీజైందా?”

ఇక్కడ చర్చ ఆగిపోతుంది, ఎందుకంటే వివాహ భోజనంబు పాట మొదలవుతుంది. సినిమాను, పాటను, పులిహోరను, ఊరగాయను ఎన్నిసార్లయినా అనుభవించవచ్చని, నవలను మాత్రం ఒక్కసారే అనుభవించాలని చట్టం చేసిందెవరో తెలియదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంలో అటువంటి నిబంధన లేదు. ఆ చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కట్టాలి. కట్టినవారు కొత్త పుస్తకం చదివారా, పాతదే చదివారా అని రసీదులో అడగరు. శాఖా గ్రంథాలయంలో పుస్తకం వెనక అంటించిన తేదీల చీటీ ఒక్కోసారి గుట్టు బయటపెడుతుంది. గడిచిన పదేళ్లలో ఆ నవల తీసుకెళ్లిన మనిషి ఒక్కరే అని చీటీ చూస్తే తెలుస్తుంది. గ్రంథపాలకుడు ఏమీ అనడు. తనకూ ఒక షాడో నవల ఉంటుంది, మధుబాబుది, బల్ల సొరుగులో.

కొత్త నవలను ఎందుకు మొదలుపెట్టరంటే, అందులో ఖర్చు ఎక్కువ. ధర సంగతి పక్కన పెడదాం. మొదటి యాభై పేజీలు మనుషుల పేర్లు, చుట్టరికాలు, ఎవరు ఎవరితో మాట్లాడరో గుర్తుపెట్టుకోవడానికే పోతాయి. పెళ్లికి వెళ్లి మగపెళ్లివారిలో ఎవరు మేనమామో ఎవరు వంటమేస్త్రీయో తెలియక అందరికీ నమస్కారం పెట్టే స్థితి అది. ఇంత కష్టపడ్డాక ముగింపు బాగా లేకపోతే ఆ నష్టం పూడ్చేవారు లేరు. పత్తి ఏరే రోజుల్లో, కంది కోతల్లో, పిల్లల పరీక్షల్లో దొరికే అరగంటను ఇలాంటి జూదంలో పెట్టడానికి తెలివైనవారు ఒప్పుకోరు. పాత నవలను నూట ఎనభై రెండో పేజీలో తెరిచి, అక్కడి పోట్లాట ఒక్కటే చదివి, మూసి, అన్నం వార్చుకోవచ్చు. ఇష్టమైన ఘట్టం దగ్గర పుస్తకం తనంతట తానే విడిపోతుంది. దుఃఖఘట్టాలు వద్దనుకునేవారు అమ్మమ్మ చనిపోయే అధ్యాయం ముందే ఆపేస్తారు. వారి ప్రతిలో అమ్మమ్మ ఇంకా బతికే ఉంది.

అయితే ఈ చదువరులు కొత్త నవలలు అసలే కొనరని అనడం తప్పు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు పోయి సంచి నిండా కొంటారు. ఇంటికి తెచ్చి, పేరు రాసుకుని, తేదీ వేసి, అలమరలో పెడతారు. అలసిపోయి, సేదతీరడానికి పాతదొకటి తీస్తారు. కొత్తవి అలమరలో ఉండి ఉండి పాతబడతాయి. అప్పుడు వాటిని చదవడానికి అభ్యంతరం ఉండదు.

చదివి చదివి నవల అరిగిపోతుంది. మొదట అట్ట పోతుంది, తర్వాత పీఠిక పోతుంది. పీఠిక పోయిన సంగతి చాలాకాలం ఎవరూ గమనించరు. చివరి పేజీలు పోతే మాత్రం ఇల్లంతా వెతుకుతారు, కంఠతా వచ్చినా సరే. ఎరువు ఇచ్చిన నవల తిరిగి రాదన్నది అనుభవం. అందుకని గట్టివారు రెండు ప్రతులు ఉంచుకుంటారు, ఒకటి ఇవ్వడానికి, రెండోది ‘మా ఇంట్లో లేదు’ అని చెప్పడానికి. ఎమెస్కో, విశాలాంధ్ర వంటి సంస్థలు పాత నవలలను అప్పుడప్పుడు మళ్లీ అచ్చువేస్తాయి. కానీ కొత్త ముద్రణలో పేజీ నంబర్లు మారిపోయి, నూట ఎనభై రెండులో ఉండాల్సిన పోట్లాట రెండు వందల పదికి జరుగుతుంది. దీన్ని క్షమించలేనివారు పాత ముద్రణ కోసమే ఆదివారం పొద్దున ఖేడ్‌లో హైదరాబాద్ బస్సెక్కి, వంద కిలోమీటర్లు దాటి ఆబిడ్స్‌కు పోతారు. అక్కడ మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు.

బేరానికి ఒక పద్ధతి ఉంది. కావలసిన నవల కనబడగానే దానివైపు చూడకూడదు. ముందు పక్కనున్న ఇంజనీరింగ్ పుస్తకం ధర అడగాలి, తర్వాత వంటల పుస్తకం, ఆ తర్వాత యథాలాపంగా దీన్ని కాలితో చూపించినట్టు చూపించాలి. అమ్మేవాడు ఇవన్నీ ఎరిగినవాడు. ఇంజనీరింగ్ పుస్తకం ధర అడిగిన మనిషి కళ్లు ఎటు పోతున్నాయో చూసి, నవల ధర అందుకు తగ్గట్టు చెబుతాడు. ఇరవై రూపాయలు తగ్గించమని అడిగితే, “పూరా బుక్ హై అమ్మా, ఒక్క పేజీ పోలే” అంటాడు. అది నిజమో కాదో చూడటానికి పుస్తకం తెరిచి, అక్కడే నిలబడి, ముప్పయ్యో పేజీకి వచ్చిన తర్వాత బేరమాడే హక్కు ఎవరికీ మిగలదు.